తప్పటడుగులకు మూడు సెకన్లు

ఆయన సరుకు సంగీతం. బొమ్మల సినిమాలు తీసేవాళ్లకూ, పిల్లల కార్యక్రమాలవాళ్లకూ సిద్ధంగా ఉన్న బాణీలను నిమిషం, అరనిమిషం ముక్కలుగా అమ్ముతాడు. పిల్లి దొంగతనానికొకటి, కుందేలు పరుగుకొకటి. కొలత మించితే కత్తిరిస్తాడు. ఇరవై ఏళ్లలో ఒక్క బాణీనీ మనసుపెట్టి వినలేదు. చొక్కాలు అమ్మేవాడు అన్నీ తొడుక్కుని చూస్తాడా?

ఆ సరుకంతా ఇన్నాళ్లూ కీబోర్డు మీద తయారైందే. ఈసారి ఏనుగుపిల్ల మొదటిసారి లేచి నడిచే దృశ్యానికి సరిగ్గా అరవై సెకన్లు కావాలని బేరం వచ్చింది. నలభై మంది వాద్యకారులు ఉండాల్సిందేనని, బాణీలు కట్టే కుర్ర బావమరిది పట్టుబట్టాడు. ఇది సినిమావాళ్లకు నచ్చకపోతే ఇక బాణీలు కట్టనని, కొట్లో కత్తిరింపుల పనే చూసుకుంటానని అక్క ముందు మాటిచ్చాడు.

అద్దెకు తీసుకున్న హాలు పన్నెండింటి దాకే. పదకొండున్నరకు ఒక రికార్డింగు శుభ్రంగా, అరవై సెకన్లకు వచ్చింది. ఇక సర్దేయమన్నాడాయన. ఇంకొక్కసారి అని బావమరిది బతిమాలాడు.

ఏనుగుపిల్ల అడుగులన్నీ బసూన్‌వి. మనిషి భుజమెత్తు చెక్క గొట్టం అది. దాన్ని ఊదే పెద్దావిడ ఈసారి అర తాళం ముందే అందుకుని, తడబడి, ఆగిపోయింది.

మిగతా ముప్పైతొమ్మిది మందీ ఆగారు. కానీ ఎవరూ చెయ్యి దించలేదు. వయొలిన్ కమాన్లు తీగలకు వెంట్రుకవాసి దూరంలో నిలిచిపోయాయి. అడుగేయబోయే బిడ్డ చుట్టూ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టినట్టుంది. ఆవిడ మెల్లగా ఒక్క స్వరం ఊదింది. అంతే, వయొలిన్లన్నీ కలిసి దాన్ని చంకనెత్తుకుని చివరిదాకా తీసుకెళ్లాయి. ఆయనకు ఒళ్లు గగుర్పొడిచింది. చేతిలోని వాచీ సంగతే మరిచాడు.

"తప్పు నాదే బాబూ," అంది పెద్దావిడ.

పర్లేదని, ముందుదే పంపుదామని బావమరిది కాగితాలు సర్దబోయాడు.

"దీనికేం పేరు పెట్టావురా?" అన్నాడాయన.

"తప్పటడుగులు, బావా."

"తప్పు లేకుండా నడిస్తే అవి తప్పటడుగులెలా అవుతాయి? నీ బాణీని ఆవిడొక్కతే సరిగ్గా వాయించింది."

రికార్డింగు గదిలో చూస్తే అరవై మూడు సెకన్లు తేలింది. ఎక్కువైన మూడూ ఆ ఆగిన చోటివే. అక్కడ చప్పుడే లేదు, కోస్తే ఎవరికీ తెలియదు. ఎన్ని వేల ముక్కలో కోసిన చెయ్యి దాని మీదికి వెళ్లలేదు. సినిమా తీసే ఆవిడకు తనే ఫోన్ చేశాడు. దృశ్యాన్ని మూడు సెకన్లు పెంచమంటే, గీయడం ఎప్పుడో అయిపోయింది, కుదరదంది. ముందు వినమన్నాడు.

ఫోన్లో బాణీ ఆ చోటికి వచ్చి ఆగింది.

"పడిపోయిందా?" అందావిడ, గొంతు తగ్గించి.

వయొలిన్లు లేచాయి. బాణీ ముగిశాక ఆవిడ, బొమ్మలు గీసేవాళ్లతో తిట్లు తినక తప్పదని, మిగతా సినిమాకు కూడా ఇది కట్టినతన్నే బాణీలు కట్టమనాలని చెప్పి పెట్టేసింది. బావమరిది గోడకానుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

ఆయన హాల్లోకి వచ్చాడు. వాళ్లంతా బస్సు వేళల గురించి మాట్లాడుకుంటూ పెట్టెలు మూస్తున్నారు. అందరూ ఒక్కసారే ఎలా ఆగారని పెద్దావిడను అడిగాడు.

ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదు. "నేను ఆగాను కదా," అంది గొట్టం తుడుచుకుంటూ.