తప్పుకొలత అట్ట

వీధి చివర కొత్తగా తెరిచిన మోటారుసైకిళ్ల రిపేరు కొట్టులోంచి ఎర్ర మోటారుసైకిలు ఒకటి బయలుదేరి, చెవుల మేస్త్రి కొట్టు ముందు నుంచి దూసుకుపోయింది. మేస్త్రి ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆగిపోయింది.

పాత టూ-స్ట్రోక్ బళ్లకు పొగగొట్టాలు రూపొందించడం ఆయన వృత్తి. మోత విని ఇంజను జాతకం చెప్పేస్తాడు గనుక జనం ఆయనకా పేరు పెట్టారు. ఇప్పుడు ఆయన విన్న మోత, నిస్సందేహంగా, తన గొట్టానిది. వేగం అందుకునే ముందు గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం తటపటాయించి, ఆపైన ఒక్కసారిగా ఎత్తుకునే ఆ వరస మరే గొట్టానికీ లేదు. ఆ బండి మాత్రం ఆయన గడప ఎన్నడూ తొక్కలేదు.

గొట్టం గుట్టంతా కొలతల్లో ఉంటుంది. ఇంజను వదిలిన పొగ తాకిడి గొట్టం పొట్టభాగం దాటి, వెనుకనున్న శంకువుకు తగిలి, సరైన క్షణానికి వెనక్కు వచ్చి, బయటకు జారబోయే పెట్రోలు ఆవిరిని లోపలికి నెట్టాలి. ఆ రాక కాస్త ముందైనా, కాస్త వెనుకైనా బండి పరువు దక్కదు. ఈ కొలతలను మేస్త్రి మందపాటి అట్టలుగా కత్తిరించి ఇస్తాడు. అట్టను రేకు మీద పరిచి గీసి, కోసి, చుట్టి, అతికేది ఆయన బావమరిది. ఆ అట్టలు ముట్టుకునే మూడో మనిషి లేడు.

అనుమానం ఆయన మనసులో ఆ పూటే కాపురం పెట్టింది.

"మీ తమ్ముడికి ఆ కొత్త కొట్టువాడితో ఏం పని?" అని భోజనాల దగ్గర భార్యను అడిగాడు.

"ఒకే బడిలో చదువుకున్నారు. కనిపిస్తే మొహం తిప్పుకోవాలా?"

"నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు."

"ఏడుస్తూ మాట్లాడుకోమంటారా? చెవులు రెండూ బాగానే పనిచేస్తున్నాయండీ మీకు. వాటి మధ్యనున్నదే మొరాయిస్తోంది."

ఆ మాట ఆయన చెవినైతే పడింది కాని, తలకెక్కలేదు. బావమరిది ఫోనులో గొంతు తగ్గిస్తే కుట్ర అనిపించేది. గొంతు పెంచితే నటన అనిపించేది. కూనిరాగం తీస్తే, అంత ఉల్లాసం ఎక్కడిదని ఆరా తీయాలనిపించేది.

చివరికాయన ఒక వల పన్నాడు. పళ్ల డాక్టరుగారు పాత బళ్ల పందెం కోసం తన ఇంజనును పదును పెట్టించుకుని, దానికి గొట్టం చేయమని అడిగి ఉన్నారు. అసలు అట్టను మేస్త్రి ఇంట్లో పరుపు కింద దాచాడు. గొట్టం రెండు వేళ్ల మేర కురచయ్యేలా మరో అట్ట కత్తిరించి, దాని మీద 'డాక్టరు బండి' అని రాసి, కొట్టులో బల్లపై అందరికీ కనబడేలా వదిలేశాడు. కొత్త కొట్టువాడు దాని ప్రకారం గొట్టం చేశాడంటే, ఆ మోతే దొంగను పట్టిస్తుంది.

"డాక్టరుగారి పని తరవాత చూద్దాంలే" అని బావమరిదికి చెప్పి, మర్నాడు రేకు కొనడానికి పొరుగూరు వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగివచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. దొరికాడు!

బావమరిది చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "డాక్టరుగారు పొద్దున్నే వచ్చేశారు బావగారూ. మైదానంలో పందెం ట్రయలు ఇవాళేనట. మీకు ఫోను చేస్తే ఎత్తలేదు. అట్ట తయారుగా ఉంది కదా అని అతికేసి, బిగించి పంపించేశాను. ఎలా ఉంది మన స్పీడు?"

మేస్త్రి తెచ్చిన రేకును గుమ్మంలోనే దించేశాడు. ఆ కురచ గొట్టంతో ఇంజను హద్దు మీరి తిరుగుతుంది, కాగిపోతుంది. పూర్తి వేగంలో పిస్టను పట్టేసి చక్రం ఆగిపోయిందంటే డాక్టరుగారు నేల మీదే.

"స్కూటరు తియ్యి. మైదానానికి పోవాలి."

"ఇప్పుడెందుకు?"

"తియ్యమన్నానా!"

డాక్టరుగారు హెల్మెట్టు పెట్టుకుని బండి ఎక్కబోతుండగా మేస్త్రి వెళ్లి చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంటి మేస్త్రిగారూ? అతుకు సరిగ్గా పడలేదా?"

తప్పించుకునే దారిని డాక్టరుగారే చూపించారు. అవునంటే చాలు, గొట్టం ఊడుతుంది, ఇంజను దక్కుతుంది, తన అనుమానం ఎవరికీ తెలియదు. మేస్త్రి నోరు విప్పేలోగానే బావమరిది ముందుకొచ్చాడు. "తొందరలో చేశానండీ. అతుకు తేడా అయితే తప్పు నాదే. బావగారినేం అనకండి."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"అతుకు లక్షణంగా ఉంది" అన్నాడు. "అట్టే తప్పు. నేనే కావాలని తప్పుగా కోశాను."

"కావాలనా! అదేంటండీ?" అన్నారు డాక్టరుగారు.

"మా కొలతలు వీడు బయటికి చేరవేస్తున్నాడేమోనని."

డాక్టరుగారు హెల్మెట్టు తీసి, ఎటో చూస్తూ నిలబడ్డారు.

"ఎర్ర బండి గురించా?" అన్నాడు బావమరిది. "అది మన గొట్టమే బావగారూ. మన దగ్గర గొట్టం చేయించుకున్న టైలరు తాత తన బండిని తుక్కుకిచ్చేస్తే, ఎవరో ఆ గొట్టాన్ని ఊడదీసి, నల్ల రంగు కొట్టించి తగిలించుకున్నారు. నా అతుకులు నేను గుర్తుపట్టనా? మీరూ వినగానే పట్టేసుంటారనుకున్నా."

"పట్టాను" అన్నాడు మేస్త్రి. ఆ మాట మటుకు నిజం.

"మీరిచ్చిన అట్టను నేనెప్పుడైనా కొలిచి చూశానా?"

మేస్త్రి వంగి, డాక్టరుగారి బండికి బిగించిన గొట్టం నట్లు విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు మేస్త్రి అసలు అట్టను స్వయంగా తెచ్చి బావమరిది చేతికిచ్చాడు. అతడు దానిని రేకు మీద పరచలేదు. మేకుకు వేలాడుతున్న స్కేలు అందుకుని పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు.

"శంకువు వాలు ఎంతన్నారు?"

మేస్త్రి చెప్పాడు.

"ఇంకోసారి చెప్పండి."

మళ్లీ చెప్పాడు. అతడు వేళ్ల మీద లెక్క కట్టుకుంటున్నంతసేపూ, పరీక్ష రాసి ఫలితం కోసం వచ్చినవాడిలా బల్లకు ఇవతలే నిలబడ్డాడు.

"సరిగ్గానే ఉంది, మేస్త్రిగారూ" అని బావమరిది రేకు మీద గీత గీయడం మొదలుపెట్టాడు.