పదకొండు నిమిషాలు ఆగిన సైరన్

నేను నోరుగలదాన్ని. పేరు చేతి సైరన్. పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే చాలు, రెండు కోసుల దూరంలో అన్నం తింటున్నవాడు కూడా ముద్ద వదిలేసి లేచి నిలబడాల్సిందే. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, నన్ను తయారుచేసిందే అందుకు. కలకత్తాలో ఒక కార్ఖానాలో పోతపోసి, పళ్లచక్రాలు బిగించి, ఎర్రరంగు పూసి రైలెక్కించారు. ఈ బొగ్గుగనుల ఊళ్లో దిగి, మూడో గని ముందు ఇనుపబల్ల మీద కూర్చున్నాను.

ముప్పై ఏళ్లు అక్కడ నా పని ఏడిపించడమే. గనిలో పైకప్పు కూలినా, నీళ్లు జొరబడ్డా నేనే అరవాలి. నేను అరిస్తే క్వార్టర్లలోని ఆడవాళ్లు ఎసరు పొయ్యి మీదే వదిలి, కొంగు కూడా సర్దుకోకుండా గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్లు. వాళ్లు నన్ను చూసే చూపు ఉందే, అది పగవాడికి కూడా వద్దు. నన్ను తిప్పే ఉద్యోగం గట్టయ్యది. తిప్పడం అయిపోయాక పాపం బీడీ ముట్టించుకోవడం కూడా మరిచి, గేటుకు వీపు పెట్టి కూర్చునేవాడు.

గని మూతపడింది. నన్ను తుక్కులో పడేశారు. గట్టయ్య మేనేజరు వెంట పడి, బతిమాలి, నన్ను సైకిలు క్యారియర్‌కు కట్టుకుని తీసుకెళ్లాడు. ఎందుకంటే గని పోయినా మూడో గని ఫుట్‌బాల్ జట్టు పోలేదు. ఆ జట్టుకు ఒకప్పటి గోల్‌కీపర్ ఓదెలు. గట్టయ్యా, ఓదెలూ ఒకే షిఫ్టులో చేరినవాళ్లు. చుట్టరికం లేకపోయినా "బావా" అంటే "బావా" అనుకునేవాళ్లు. ఓదెలు వయసులో ఉండగా కాలనీల కప్పు ఫైనల్లో బంతి అతని చేతుల్లోంచి జారి గోలయింది. ఆ తర్వాత కప్పు మా కాలనీ గడప తొక్కలేదు. ఎవరూ అతన్ని ఒక్కమాట అనలేదు. అతనే తనను తాను అనుకుంటూ బతికాడు.

మొదటిసారి గోల్ పడ్డప్పుడు గట్టయ్య ఉత్సాహం పట్టలేక నన్ను తిప్పాడు. ఇంకేముంది! క్వార్టర్లలోని ఆడవాళ్లంతా పాత అలవాటు కొద్దీ ఏడుస్తూ, మూతపడ్డ గని గేటు దగ్గరికి పరుగెత్తారు. అంత తెలివితక్కువ పని మా ఊరివాళ్లే చేయగలరు. ఓదెలు భార్య లస్మక్క నేరుగా గ్రౌండుకొచ్చి గట్టయ్యను నిలబెట్టి తిట్టింది. ఓదెలు మాత్రం నవ్వుతూ వచ్చి నా వీపు మీద చెయ్యేసి అన్నాడు: "ఇన్నేండ్లు ఏడిపిచ్చినవ్. ఇగ జర నవ్వియ్యి."

ఆ రోజు నుంచి నేను గోల్ సైరన్‌నయ్యాను. గోల్‌కు ఒక్కటే పొడుగు కూత. ఇంట్లో బియ్యం ఏరుకునే ముసలమ్మ కూడా నా కూతలు లెక్కపెట్టి స్కోరు చెప్పేది. బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఓదెలు మంచం పట్టాక, అతనికి ఆటంటే నేనే. గ్రౌండు వెనక మూడో లైనులో ఇల్లు. కిటికీ తెరిపించుకుని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, నా గొంతు కోసం కాచుక్కూర్చునేవాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఆ ఏడాది వీడియో రిఫరీ వచ్చాడు. టీవీలో పెద్ద పెద్ద మ్యాచుల్లో ఉంటాడు కదా, మనకేం తక్కువ అని టోర్నమెంటు పెద్దలు నాలుగు కెమెరాలు తెప్పించారు. గ్రౌండు పక్కన టెంటు వేశారు, అందులో ఒక టీవీ, దానికో జనరేటరు. సాయంత్రపు ఎండ తెరమీద పడి బొమ్మ కనిపించదని ఒక దుప్పటి కూడా పెట్టారు. అనుమానం వస్తే రిఫరీ గాల్లో చేతులతో డబ్బా గీసి, పరుగెత్తుకెళ్లి, ఆ దుప్పట్లో తల దూర్చేవాడు. రెండువేల మంది బయట నిలబడి దుప్పటికేసి చూసేవాళ్లు. కళ్లారా చూసినదాన్ని దుప్పట్లో వెతికే విద్య మనుషులకు తప్ప ఇంకెవరికీ రాదు.

మొదటి దెబ్బ సెమీఫైనల్‌కు ముందు మ్యాచులోనే తగిలింది. గోల్ పడింది, గట్టయ్య తిప్పాడు, నేను కూశాను. ఇంట్లో లస్మక్క పక్కిళ్లకు చక్కెర పంచింది. అంతలో రిఫరీ దుప్పట్లోంచి తల తీసి, చెయ్యి అడ్డంగా ఊపాడు. మా కుర్రాడి బూటు కొన అవతలివాళ్ల ఆఖరి ఆటగాడికన్నా బెత్తెడు ముందుందట, ఆఫ్‌సైడట.

"బూటు ముందలుంటే గోల్ కాదా? ఇగ కాళ్లు ఇంట్ల పెట్టి రావాల్నా?" అని మావాళ్లు లొల్లి చేశారు. అవతలి జట్టువాళ్లు నన్ను చూపించి "అబద్ధాల సైరన్" అని ఎగతాళి చేశారు. ఇన్నేళ్లలో నన్ను తిట్టినవాళ్లున్నారు గానీ, అబద్ధం అన్నవాళ్లు లేరు. నాకు తల కొట్టేసినట్టయింది. గట్టయ్య సంగతి చెప్పలేను.

ఆ సాయంత్రం నన్ను మంచం పక్కన దించి, గోల్ రద్దు చేశారని ఓదెలుతో చెప్పాడు. ఓదెలు చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక గట్టయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, దొంగ సంబురం నాకద్దు. పక్కా అయినంకనే తిప్పు. సైరన్ మోగిందంటే గోలే అనుకుంట. మోగకపోతే కాలేదనుకుంట. గంతే."

"గట్లనే బావా. నీమీద ఒట్టు," అన్నాడు గట్టయ్య.

ఎంత ప్రేమగా వేశాడో ఆ ఒట్టు!

ఫైనల్ రోజు పొద్దుటినుంచీ ఓదెలుకు ఊపిరి అందడం లేదు. గట్టయ్య కదలనన్నాడు. ఓదెలే సైగ చేసి పంపించాడు: "నువ్వు ఈడ కూసుంటే నాకు ఆట చెప్పేదెవలు?"

రెండు జట్లకూ ఇంకా గోల్ పడలేదు. ఆట ముగియడానికి ఐదు నిమిషాలున్నాయనగా కార్నర్ నుంచి బంతి గాల్లోకి లేచింది. మా రాజలింగు ఎగిరి తలతో కొట్టాడు. వల ఊగింది. గ్రౌండంతా ఒక్కసారి "గోల్" అని అరిచింది. అరిచి, వెంటనే ఆగిపోయింది. గాల్లోకి లేచిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. అందరూ రిఫరీ వైపు చూశారు. అతను డబ్బా గీశాడు.

బంతి తలకన్నా ముందు రాజలింగు చేతికి తగిలిందేమో చూడాలట. తల దుప్పట్లోకి పోయింది. సరిగ్గా అప్పుడే జనరేటరు గుర్రుమని ఆగింది. తాడు లాగారు, స్టార్టు కాలేదు. డీజిలు లేదన్నారు. తేవడానికి బండి మీద మనిషి వెళ్లాడు. "మేమందరం గుడ్డోళ్లమా? దుప్పట్ల ఏం చూస్తాండ్రు?" అని జనం అరిచి అరిచి నీరుగారిపోయారు. రాజలింగు నడుం మీద చేతులు పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. గట్టయ్య చెయ్యి నా పిడి మీదే ఉంది. చెమటకు పిడి తడిసిపోయింది. ఒక్కసారి కాస్త తిప్పబోయి, ఒట్టు గుర్తొచ్చి ఆపుకున్నాడు. తిప్పు గట్టయ్యా, తిప్పు, అని నా పళ్లచక్రాలన్నీ కొట్టుకున్నాయి. నోరుందని విర్రవీగేదాన్ని, ఒకరు తిప్పితే తప్ప నాకు నోరు లేదని ఆ రోజే తెలిసింది.

డీజిలు వచ్చి, టీవీ మళ్లీ వెలిగి, మొత్తం పదకొండు నిమిషాలకు రిఫరీ దుప్పట్లోంచి బయటికొచ్చి, గ్రౌండు మధ్యకు చెయ్యి చూపించాడు. గోల్!

గట్టయ్య ఏడుస్తూ తిప్పాడు. నా జన్మలో అంత గట్టిగా నేనెప్పుడూ కూయలేదు. మిగిలిన ఐదు నిమిషాలు గడిచాయి, కప్పు మాదైంది. గట్టయ్య ఎవరికీ అందకుండా నన్ను భుజాన వేసుకుని, మూడో లైనులోకి పరుగులాంటి నడకతో పోయాడు. "బావా, గెలిచినం!" అని వీధి మొదట్లోనే కేకేశాడు.

ఓదెలు ఇంటిముందు జనం ఉన్నారు. గట్టయ్యను చూసి పక్కకు జరిగి దారిచ్చారు. లస్మక్క గడప మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"అన్నా, అందరు ఒక్కపారి ఒర్రింది ఇనవడ్డది," అంది. "కండ్లు తెరిసి, గోలేనా అని అడిగిండు. సైరన్ మోగుతదేమో అని సూసిన. మోగలే. మళ్లడిగిండు. కాలేదయ్యా అని నేనే చెప్పిన. అయితే కాలేదా అన్నడు. గోడ దిక్కు తిరిగిండు. గంతే. ఆయినె పోయినంక మోగిందన్నా నీ సైరన్."

గట్టయ్య నన్ను నేలమీద దించలేదు. నా బరువుతోనే కూలబడిపోయాడు.

మర్నాడు మట్టి చేసేటప్పుడు గట్టయ్య నా పిడి ఊడదీసి, ఓదెలు పక్కన గోతిలో పెట్టాడు. ఎవరూ వద్దనలేదు. పిడి లేని నన్ను క్లబ్బు గదిలో కప్పు పక్కన అద్దాల బీరువా మీద పెట్టారు. మ్యాచులు ఇప్పటికీ జరుగుతాయి. గోల్ పడితే ఎవరూ ఎగరరు, ముందు టెంటు వైపు చూస్తారు. దుప్పటి మార్చి కొత్తది కొన్నారట. గట్టయ్య గ్రౌండుకు రావడం మానేశాడు.

లస్మక్క మాత్రం అప్పుడప్పుడు వస్తుంది. గదిలో ఎవరూ లేని సమయం చూసుకుని, కొంగుతో నా మీది దుమ్ము తుడిచి, నా నోటి దగ్గర నోరు పెడుతుంది.

"ఇంటాన్నవా అయ్యా? గా దినం పడ్డది గోలేనట. నేనే తప్పు చెప్పిన."

మళ్లీ అదే మాట చెబుతుంది, ఇంకా మెల్లగా. రెండు కోసుల దూరం పోయిన గొంతు నాది. ఆ ఒక్క మాటను మాత్రం ఎక్కడికీ చేర్చలేకపోతున్నాను.