సెగామెత్సీ గోడ మీద నీడలు

మహలాప్యే ఊళ్ళో రైలు కట్టకి అవతల ఉండేది సెగామెత్సీ వెల్డింగ్ షాపు. పొద్దు పొడిచే వేళకి దాని గేటు దగ్గర నలుగురైదుగురు పోగయ్యేవాళ్ళు. థూసో వాళ్ళమ్మ అక్కడే మూకుడు పెట్టుకుని మగ్విన్యాలు వేయించేది. నూనెలోంచి తీసిన పిండి ఉండని కాగితంలో చుట్టి అందిస్తే, దాన్ని ఊదుకుంటూ కొరుకుతూ, అందరూ లోపలున్న పడమటి గోడకేసి చూస్తూ నిలబడేవాళ్ళు.

ఆ గోడకి సెగామెత్సీ ఏటా సున్నం వేసేది. ముందురోజు సాయంత్రం ఎవరైనా తమ పికప్పు బండిని గోడ ముందు వదిలి వెళితే, తెల్లారి తొలి ఎండకి దాని నీడ గోడ మీద పడేది. బండికి ఇంకా ఏం కావాలో అది కూడా ఆ నీడలో ఉండేది. నీడ జరిగిపోకముందే సెగామెత్సీ సుద్దముక్కతో దాని అంచు వెంబడి గీతలు గీసుకుని, టేపు పెట్టి కొలుచుకునేది. చూసేవాళ్ళు ఆ గొట్టం లావు చాలదనీ, ఆ బందు అక్కడ కాదు ఇక్కడుండాలనీ వాదించుకునేవాళ్ళు. ఆవిడ ఎవరి మాటా కాదనేది కాదు, వినేదీ కాదు.

కోళ్ళు అమ్ముకునే ఆయన బండికి సొరుగుల్లా బయటికి లాగే అరలు వచ్చాయి. గాడిదలకి వైద్యం చేసే ఆవిడ బండికి వెనకాల మడత పెట్టుకునే వాలు పలక వచ్చింది. పాస్టరు గారు బండి నెత్తిన మెరిసే కమ్మీల చట్రం కావాలని వస్తే, నీడలో చట్రం ఊసే లేదు. వెనక వైపు రెండు మెట్లూ, పట్టుకోడానికి ఒక కమ్మీ ఉన్నాయి. పాస్టరు గారు మొహం ముడుచుకున్నారు. తన పాటల బృందంలోని ముసలమ్మలు ఇన్నాళ్ళూ ఆ బండి ఎక్కడానికి ఎంత అవస్థ పడేవారో, మెట్లు వేయించాక వచ్చిన ఆదివారం గానీ ఆయనకి తెలిసిరాలేదు.

ఈ షాపు ముందు నిలబడ్డం ఓలెబిలెకి ఇష్టం. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. వయసంతా ఒకరి బండి నడపడంతోనే గడిచింది. గడ్డి మోపులూ, దాణా బస్తాలూ, పెళ్ళిళ్ళకి కుర్చీలూ, చావులకి శవపేటికలూ చేరవేసేవాడు. అద్దం ఊగుతోందనో కొక్కెం వదులైందనో యజమాని బండిని తరచూ సెగామెత్సీ దగ్గరికి తెచ్చేవాడు. దారిలో ఆ కొక్కేన్ని అతనే వదులు చేసుకొస్తాడని థూసో వాళ్ళమ్మ నలుగురిలో అనేది. అది నిజమే కాబట్టి ఓలెబిలె ఇంకో మగ్విన్యా కొనేవాడు.

ఆవిడ పని చూస్తుంటే అతనికి టైము తెలిసేది కాదు. గొట్టం వంచాలంటే ముందు అందులో ఎండిన ఏటి ఇసుక గట్టిగా కూరి, ఆ తరవాత కాల్చి వంచేది. ఎక్కడా నొక్కు పడేది కాదు. లారీల పాత కమాను పట్టీల్ని సాగగొట్టి బందులు చేసేది. అవి తలుపుల కంటే ఎక్కువ కాలం మన్నేవి. అంతా అయ్యాక కళ్ళు మూసుకుని అంచులన్నీ అరచేత్తో తడిమేది. ఎక్కడ కాస్త గీరుకున్నా మళ్ళీ ఆకురాయి అందుకునేది. ఎందుకలా అని ఓలెబిలె ఒకసారి అడిగితే, చీకట్లో తాడు కట్టుకునేవాడికి కళ్ళుండవు కదా అంది. ఆ మాట అతను చాలా రోజులు మోసుకు తిరిగాడు. దాణా దించుతున్నప్పుడు, రైలు గేటు దగ్గర ఆగినప్పుడు ఊరికే గుర్తొచ్చేది.

సెగామెత్సీ భర్త పోయి చాలా కాలమైంది. ఆవిడ లోకమంతా ఆ ఆవరణే. దూరంగా పొదల్లో ఉన్న పశువుల దొడ్ల నుంచి, పంపు విరిగిందనీ నీళ్ళ తొట్టి పగిలిందనీ ఆవిడకి కబుర్లు వచ్చేవి. వాళ్ళు ఆ సామాను ఊళ్ళోకి మోసుకు రాలేరు. బండిని ఆవరణలో ముందుకీ వెనక్కీ జరపడం తప్ప, ఇసుక దారుల్లో నడపడం ఆవిడకి రాదు. రాలేనని చెప్పి పంపిన రోజు ఆవిడ సుత్తి దెబ్బ కాస్త గట్టిగా వినపడేది.

ఆ ఏడు వానలకి ముందు ఓలెబిలె సొంత బండి కొన్నాడు. పాతదే, బూడిద రంగుది. అదే వారంలో చాలా దూరాన ఉన్న ఘాంజీ వైపు నుంచి ఒక పెద్ద పశువుల ఆసామి కబురు పెట్టాడు. పశువుల్ని చేరవేసే పని, ఉండటానికి ఇల్లు, కావాలంటే అక్కడే స్థిరపడిపోవచ్చు. ఓలెబిలె వస్తానన్నాడు. ఉండిపొమ్మనే మనిషి ఇక్కడ ఎవరూ కనపడలేదు మరి. వెళ్ళేలోపు బండికి ముందు గార్డూ, పశువులు నిలబడే కటకటాలూ కట్టించుకోవాలనుకున్నాడు.

శనివారం సాయంత్రం బండిని గోడ ముందు పెట్టి తాళంచెవి సెగామెత్సీ చేతికిచ్చాడు. ఎక్కడికి వెళుతున్నాడో కూడా చెప్పాడు. ఆవిడ కాసేపు బండి చుట్టూ తిరిగి, టైర్లు బావున్నాయంది.

మర్నాడు యజమానికి చివరి లోడు దించేసి వచ్చేసరికి పొద్దెక్కింది. ఆదివారం కాబట్టి గేటు దగ్గర ఎవరూ లేరు, థూసో వాళ్ళమ్మ తప్ప. బండి గోడ దగ్గర కాకుండా రేకుల పాక కింద ఉంది. గోడ మీద సుద్ద గీత ఒక్కటీ లేదు.

"నీడలో ఏం వచ్చింది?" అని అడిగాడు.

"ఏమీ రాలేదు," అంది సెగామెత్సీ, మొహానికి కట్టుకునే అద్దం తుడుచుకుంటూ. "ఉత్త బండే. మీ బండికి ఏమీ తక్కువ లేదు."

అలా ఏ బండికీ జరగలేదు. గొప్ప సంగతే, నలుగురికీ చెప్పుకోవచ్చు. ఓలెబిలెకి మాత్రం ఎందుకో మనసు చివుక్కుమంది. తనకి ఇక్కడ కావలసింది ఏదీ లేదని గోడే చెప్పేసినట్టయింది. ఆవిడ కటకటాల పని మొదలుపెట్టింది. వారమంతా అతనితో కొలతల గురించి తప్ప మాట్లాడలేదు. బండి పాక కిందే ఉండిపోయింది.

శుక్రవారం అతను మగ్విన్యా కొనుక్కుంటే థూసో వాళ్ళమ్మ చిల్లర అతని చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు.

"తమ్ముడూ, రేపు నా నూనె కాగకముందే రా. నీ దగ్గర రెండో తాళంచెవి ఉందిగా. నీ బండి నువ్వే గోడ ముందు పెట్టుకో. నేను చెప్పానని మాత్రం చెప్పకు, ఆవిడ నన్ను గేటు దగ్గర కూర్చోనివ్వదు."

మర్నాడు ఇంకా మసక ఉండగానే ఓలెబిలె బండిని గోడ ముందుకి తెచ్చి, దిగి నిలబడ్డాడు. రైలు కట్ట మీదుగా ఎండ వచ్చింది. గోడ మీద ముందు ఇంజను నీడ, ఆ తరవాత తలుపు నీడ పడ్డాయి. ఆ వెనక కటకటాలు లేవు. గ్యాసు సిలిండర్లు నిలబెట్టే గూడు ఉంది. జనరేటరు పెట్టే చట్రం ఉంది. ఒక మూల నుంచి బరువులెత్తే ఇనప చెయ్యి ఒకటి వంగి ఉంది. గొట్టాలు పడుకోబెట్టే కొక్కేలు వరసగా ఉన్నాయి. వెనక తలుపు మీద, ఇనుప ముక్కల్ని దవడల మధ్య బిగించి పట్టే బెంచి వైసు ఒకటి ఉంది. దాని దవడ కొస విరిగింది. ఆ వైసు ఎవరిదో ఓలెబిలెకి ఒకరు చెప్పక్కర్లేదు. అద్దం ఊగినా ఊగకపోయినా ఎన్నో ఏళ్ళుగా దాన్ని సెగామెత్సీ బల్ల మీద చూస్తున్నాడు.

వెనక అడుగుల చప్పుడైంది. సెగామెత్సీ టీ కప్పుతో వచ్చి అతని పక్కన ఆగింది. ఇద్దరూ గోడనే చూశారు.

"పోయిన ఆదివారం కూడా ఇదే వచ్చిందా?" అన్నాడు.

"ఇదే వచ్చింది."

"ఏమీ రాలేదన్నారు."

"మీరు కటకటాలు అడిగారు. ఘాంజీ వెళుతున్నానన్నారు. నా సామానంతా మీ బండి మీద చూపిస్తే, నేనే అడిగినట్టు ఉంటుంది కదా." కప్పులోకి చూస్తూ చెప్పింది. "ఇన్నేళ్ళలో ఈ గోడ చెప్పింది దాచడం అదే మొదటిసారి."

ఓలెబిలె గోడ దగ్గరికి నడిచి, వైసు నీడ మీద వేలు పెట్టాడు.

"నీడ మీరు వెయ్యలేదు. బండి అడిగింది," అన్నాడు. "బండి అడిగినా అడక్కపోయినా నేను అడుగుతున్నాను. ఘాంజీలో నాకేం పని?"

ఆవిడ టీ కప్పు అతని చేతిలో పెట్టి, జేబులోంచి సుద్దముక్క తీసి, నీడ జరిగిపోకముందే గబగబా గీతలు గీయడం మొదలుపెట్టింది.

పశువుల ఆసామికి ఓలెబిలె ఫోను చేసి రానని చెప్పాడు. సగం అయిన కటకటాలని కోసి గూడుకీ చట్రానికీ వాడేశారు. గొట్టాల్లో ఇసుక కూరడం ఓలెబిలె నేర్చుకున్నాడు. కాలిన గొట్టాన్ని ఆవిడ వంచుతుంటే రెండో కొస అతను పట్టుకునేవాడు. ఇనప చెయ్యి మొత్తం బరువు ఒక్క కీలు మీద తిరగాలి. దాని కోసం ఆవిడ ఒక పాత ఇరుసుని తెచ్చి, సానపట్టి, నూనె రాసి కూర్చింది. అంత బరువునీ వేలితో నెడితే తలుపులా కదిలింది. ఓలెబిలె దాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. చివరికి వైసుని బల్ల మీంచి విప్పి బండి వెనక తలుపుకి బిగించారు. ఖాళీ అయిన బల్ల వైపు ఆవిడ ఒకసారి చూసి, షాపుకి తాళం వేసింది. ఆ రోజు చూసేవాళ్ళకి ఏ నీడా లేదు. అయినా గేటు దగ్గర అందరూ ఉన్నారు. థూసో వాళ్ళమ్మ మగ్విన్యాల పొట్లం కట్టిచ్చి, అందులో ఉప్పు ఎక్కువైందని ఎవరూ అడక్కుండానే చెప్పి, కళ్ళు తుడుచుకుంది.

షొషొంగ్ అనే ఊరు దాటి, దారి సరిగ్గా లేని పొదల్లో చాలాసేపు వెళితే కెవగిలె అనే ముసలాయన పశువుల దొడ్డి వచ్చింది. పంపు ఇంజను కింది చట్రం విరిగి, పశువులు దాహంతో అరుస్తున్నాయి. మనుషులు బకెట్లతో తోడి పోస్తున్నారు. ఇనప చెయ్యితో ఇంజనుని పైకెత్తి పట్టుకున్నారు. సెగామెత్సీ దాని కిందికి దూరి విరిగిన చోట సానపట్టి అతికింది. విరగని చోట కూడా, అక్కడ రేపు విరుగుతుందని, ఒక పట్టీ వేసింది. ఓలెబిలె జనరేటరు చూసుకుంటూ, అడిగిన రాడ్డు అడిగినట్టు అందించాడు. పొద్దు వాలేసరికి ఇంజను దడదడమని అందుకుంది. గొట్టంలోంచి ముందు తుప్పు నీళ్ళూ, తరవాత తేట నీళ్ళూ వచ్చాయి. పశువులు తొట్టి చుట్టూ చేరి తలలు వంచాయి.

కెవగిలె ముసలాయన వాటిని కాసేపు చూసి, వీళ్ళ దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు బయలుదేరితే ఇసుకలో దారి తప్పుతారని, పొద్దున్నే వెళ్ళమని చెప్పాడు. బండి బావుందని మెచ్చుకుని, ఎవరిదని అడిగాడు.

"ఆవిడది," అన్నాడు ఓలెబిలె.

"ఆయనది," అంది సెగామెత్సీ, అదే క్షణంలో.

ముసలాయన ఇద్దరి మొహాలూ చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"అది మీరూ మీరూ తేల్చుకోండి. నాకు తెలియాల్సింది ఒకటే," అన్నాడు. "పడుకోడానికి గుడిసెలు ఊడ్పించాలి. రెండా, ఒకటా?"

ఓలెబిలె చేతిలో ఉన్న గుడ్డతో ఇంతకుముందే తుడిచిన రెంచిని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. తొట్టి దగ్గర ఒక దూడ నీళ్ళు చిమ్ముకుంటూ తాగుతోంది. సెగామెత్సీ చేతి తొడుగులు విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, బండి మీద పెట్టింది.

"ఒకటి చాలు తాతా," అంది.