స్విచ్చి ఆపినా ఆగని కారు

1957 మే నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం జమ్మలమడుగులో ఓబుళరెడ్డి కారు స్విచ్చి ఆపాక కూడా ఇంజను ఆగలేదు. గడగడమని కొట్టుకుంటూనే ఉంది. డ్రైవరు సర్దార్ గేరు వేసి, బ్రేకు తొక్కిపట్టి, క్లచ్చి వదిలాడు. బండి కుదుపు ఇచ్చి ఆగింది. పులివెందుల నుంచి ఎండలో తోలుకొచ్చిన బండి. ఆ వారంలో ఇలా కావడం మొదటిసారి కాదు. సర్దార్ స్టీరింగు మీద తల ఆనించాడు.

వెనక సీటు నుంచి రెడ్డి దిగాడు.

"ఏమప్పా సర్దారూ, పెట్రోలు అమ్ముకొని కిరసనాయిలు పోస్తాండావా?"

"అల్లా మీద ఆన రెడ్డీ. చుక్క కలపలా."

"కిరసనాయిలు తాగిన బండే ఇట్ల కొట్టుకుంటాదంట. ప్రొద్దుటూరికి తీసకపో. బాగైతే తోలుకోనిరా. ల్యాకుంటే తాళంచెవి పంపించి నీ దావన నువ్వు పో."

సర్దార్ ఆ కారును తొమ్మిదేళ్ళుగా తోలుతున్నాడు. వేరే పని తెలియదు. అన్నం తినకుండానే బయలుదేరాడు.

ప్రొద్దుటూరులో మెకానిక్ వలి బాషా షెడ్డు ముందు స్విచ్చి ఆపితే ఇంజను మళ్ళీ కొట్టుకుంది.

"పీర్ల పండగలో పీర్లు ఏటికి పోయినాంక కూడా నిప్పుల గుండం చుట్టూ ఎగిరేవాని మాదిరుందే నీ బండి," అన్నాడు వలి బాషా. "కిరసనాయిలు కలిపినావా?"

"నువ్వూ అదే అంటావా మామా?"

"అందరూ కలుపుతాండారు. నువ్వొక్కనివే ఔలియావా?"

ట్యాంకులోని పెట్రోలు తీసి కాగితం మీద చుక్కలు వేశాడు. ఆరిపోయాయి. జిడ్డు మరక మిగల్లేదు. కిరసనాయిలు లేదని తేలింది. కానీ ఇంజను ఆగకుండా ఆ మాట చెబితే రెడ్డి వినడు.

ఇంజను పైమూతలా ఉండే హెడ్డు విప్పారు. లోపల పేరుకున్న బొగ్గు గీకి, ప్లగ్గులు తోమి, బిగించేసరికి మరునాటి మధ్యాహ్నమైంది. రాజుపాలెం దాకా తోలి వచ్చారు. స్విచ్చి ఆపితే ఇంజను ఆగలేదు.

"లోపల యాడనో నిప్పు మాదిరి కాలుతాంది," అన్నాడు వలి బాషా. "స్పార్కు ల్యాకపోయినా ఆ కాకకే పెట్రోలు అంటుకుంటాంది. నీళ్ళు యాడివి పోస్తాండావు?"

"రెడ్డోళ్ళ బాయివి. పెన్నలో చెలమ నీళ్ళు మనుషులకు, బాయి నీళ్ళు బర్రెలకూ బండికీ. ఆ ఇంట్లో కట్టుబాటు అది."

"ఆ బాయి నీళ్ళతో ఆ ఇంట్లో వంట చేస్తారా?"

"యాడ? పప్పే ఉడకదు."

"పప్పుడకని నీళ్ళు ఇన్నేండ్లు ఇంజనుకు తాపినావా నాయనా!"

రేడియేటరు గొట్టాలు ఊడదీశారు. ఇంజను చుట్టూ నీళ్ళు తిరిగే దారిలో సున్నం గారలా గడ్డకట్టి, నీళ్ళ చల్లదనం ఇంజనుకు తగలనీయకుండా ఉంది. చాకలిసోడా కలిపిన నీళ్ళు పోసి, ఇంజను నడిపి, పారబోశారు. నీళ్ళలో తెలుపు పోయేదాకా అదే పని చేశారు. తర్వాత మళ్ళీ రాజుపాలెం దాకా తోలి వచ్చారు. స్విచ్చి ఆపగానే ఇంజను ఆగింది.

జమ్మలమడుగులో రెడ్డి తానే కారు తోలి, స్విచ్చి ఆపి చూశాడు. ఆగింది. సర్దార్ సున్నపు పెళ్ళ చూపించి సంగతి చెప్పాడు.

"అయితే ఇదీ పెన్న నీళ్ళే తాగుతాదా?"

"ఔ రెడ్డీ."

"మా ఆడోళ్ళు మోసిన నీళ్ళు బండికి ఇయ్యరప్పా. నువ్వే తెచ్చుకో."

రెడ్డి తాళంచెవి సర్దార్ చేతికి ఇచ్చాడు. కిరసనాయిలు మాట ఎత్తలేదు.

మరునాడు పొద్దున సర్దార్ కావడి భుజాన వేసుకొని పెన్నలోకి దిగాడు. చెలమ దగ్గర ఆడవాళ్ళు ముందే వచ్చి ఉన్నారు. అతను వాళ్ళ వెనక నిలబడ్డాడు.