తప్పుడు హెచ్చరిక

మేడ్చల్ బస్టాండు వెనక సందులో యాకోబు నడిపిన డీటీపీ సెంటరు మూతపడినప్పుడు కుర్చీలూ ప్రింటర్లూ ఎవరెవరో పట్టుకుపోయారు. ఎవరికీ అక్కర్లేని చెక్క బీరువా ఒకటి మాత్రం ఆయన కూతురు రెబెక్కాకు మిగిలింది. దాని నిండా ఫ్లాపీలు, సీడీలు. చర్చి పాటల పుస్తకాలు, పెళ్లి పత్రికలు, ఎన్నికల కరపత్రాలు కంపోజ్ చేయడానికి ఇరవై ఏళ్లు వాడిన తెలుగు ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రాములు, వాటి మధ్య ఎవరో మరిచిపోయిన ఆటలు.

రెబెక్కా శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో రికార్డులు చూస్తుంది. పారేయడం ఆమెకు చేతకాదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పాత కంప్యూటర్ తుడిచి, ఒక్కో ఫ్లాపీ పెట్టి చూసింది. చదవగలిగినవి అరవై మూడు తేలాయి. వాటిని ఎవరైనా ఉచితంగా దించుకునేలా నెట్‌లో పెట్టి, ఆ చోటుకు ‘అటక’ అని పేరు పెట్టింది.

నెల తిరక్కుండా ఒంగోలు నుంచి ఒకాయన రాశాడు. తన కథలన్నీ ఒక పాత ఫాంటులో ఉండిపోయాయట. ఆరేళ్లుగా తెరిస్తే పిచ్చి గీతలే. ‘మీ ఫైలు వేసుకున్నానమ్మా, నా అక్షరాలు నాకు కనబడ్డాయి’ అని ఉత్తరం. రెబెక్కా దాన్ని కంపెనీ బస్సులో మూడుసార్లు చదువుకుంది.

తర్వాత వచ్చినవాడు శ్రీకాంత్. కొంపల్లిలో అపార్టుమెంటు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పాత కంప్యూటర్లంటే ప్రాణం. రెబెక్కా పెట్టిన పేజీ చూసి, “అక్కా, గిట్లైతే నెల రోజుల్ల కూలిపోతది, నేను జేస్త” అని, రెండు వారాల్లో దానికి సొంత సైటు కట్టాడు. ఎవరైనా ఫైలు పంపొచ్చు. పంపినవి వరుసలో నిలబడతాయి. సాయానికి చేరిన కార్యకర్తల్లో ఒకరు చూసి సరే అంటేనే బయటికి వస్తాయి. చూడడమంటే రెబెక్కా ఇంట్లోని పాత కంప్యూటర్ మీద వేసి, నడిపి చూడడం. ఆ నియమం ఆమే పెట్టింది.

మొదటి ఏడాది ఆ నియమం నిలిచింది. రెండో ఏడు గుంటూరులో కంప్యూటర్ సెంటరు ఎత్తేసిన ఒకాయన రెండు అట్టపెట్టెల సీడీలు పంపాడు. కర్నూలు, కరీంనగర్, ఎక్కడో మస్కట్ నుంచి కూడా పంపడం మొదలైంది. కార్యకర్తలు పదకొండు మందయ్యారు. ఫైళ్లు తొమ్మిది వేలు దాటాయి. ఒక్కోటి నడిపి చూడడం ఎవరి తరం? వైరస్ స్కాన్ చేస్తే చాలనుకున్నారు. ఆ స్కాన్‌తో ఇంకో తంటా. పాత ప్రోగ్రాములు కనబడితే అది ఉలిక్కిపడేది. శుభ్రంగా ఉన్న ఫాంటుకూ, పిల్లల లెక్కల ఆటకూ ఎర్ర హెచ్చరిక చూపేది. నిజంగా వైరస్ ఉన్నది వందలో ఒక్కటీ ఉండదు. అందుకని శ్రీకాంత్ హెచ్చరిక పక్కన ఒక మీట పెట్టాడు: ‘తప్పుడు హెచ్చరిక’. అది నొక్కితే ఫైలు బయటికి వెళ్లిపోతుంది. మొదట్లో అందరూ ఆలోచించి నొక్కేవారు. తర్వాత్తర్వాత నొక్కడమే అలవాటైంది.

ఆ రోజుల్లోనే రావల్కోల్‌లో ఉండే పట్టాభిరామయ్య ఫోన్ చేశాడు. రిటైరైన తెలుగు మాస్టారు. పదకొండేళ్లుగా మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లలో పొలాల పేర్లు పోగు చేస్తున్నాడు. మెట్ట చెలకలు, వరి మడులు, బాయిలు, కుంటలు. గుర్రం పడ్డ బాయి, కోమటోల్ల మడి, ముసలవ్వ చెలక. ఏ పేరు ఎందుకొచ్చిందో, ఎవరు చెప్పారో, అన్నీ రాసుకున్నాడు. ఆ పొలాలు చాలావరకు ప్లాట్లయిపోయాయి. హద్దురాళ్ల మీద ఇప్పుడు అంకెలు తప్ప ఏమీ లేవు. మొత్తం పంతొమ్మిది వందల పేర్లు ఒక పాత కంప్యూటర్‌లో, ఇప్పుడెవరూ వాడని తెలుగు ప్రోగ్రాములో టైపు చేసి ఉన్నాయి. చేత్తో రాసుకున్న పుస్తకాలు ఎప్పుడో చెదలు తినేశాయి.

“గిది కూడ మీ అటక మీద పెట్టుకో బిడ్డా. నా తర్వాత ఎవరికి గావాలె గివి?” అన్నాడు ఆమె వెళ్లినప్పుడు.

ఆ కంప్యూటర్‌లో ఫ్లాపీ డ్రైవు పాడైంది. నెట్ లేదు. పెన్‌డ్రైవ్ పెడితే గుర్తుపట్టదు. దానికి ఒక చిన్న డ్రైవర్ ప్రోగ్రాము కావాలి. రెబెక్కా ఆ ప్రోగ్రామును అటకలోనే వెతికి, సీడీలో వేసి, మరుసటి ఆదివారం తెచ్చి ఎక్కించింది. అయినా ఆమె పెన్‌డ్రైవ్ పనిచేయలేదు. మరీ ఎక్కువ మెమరీదట. పాతకాలపు చిన్నది కావాలి.

“చిన్నది దొరకవట్టుకొని వచ్చే వారం వస్త సార్,” అంది.

పట్టాభిరామయ్య భార్య లక్ష్మీకాంతమ్మ ఉడకబెట్టిన పల్లికాయ పొట్లం కట్టి ఇచ్చింది. రెబెక్కా మళ్లీ వెళ్లలేదు. చిన్న పెన్‌డ్రైవ్ తండ్రి బీరువాలోనే దొరికింది, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది కూడా. కానీ పదివేలు దాటించాలని శ్రీకాంత్ పట్టుబట్టాడు. ఆదివారాలన్నీ వరుసలో నిలబడ్డ ఫైళ్లకే సరిపోయాయి. అలా మూడు నెలలు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా లక్ష్మీకాంతమ్మ ఫోన్.

“బిడ్డా, సారు కంప్యూటర్ ముంగట కూసొని లేస్తలేడు. అన్నం తింటలేడు. మాట్లాడితే పలుకుతలేడు. జర రాయే.”

సగం రోజు సెలవు పెట్టి వెళ్లింది. మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. నల్లటి తెర మీద, డిస్కు లేదని చెప్పే ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం.

“పొద్దుగాల తొమ్మిదింటికి ఆన్ జేసిన. లైటు మినుకు మినుకుమంటనే ఉన్నది,” అన్నాడు. “ముసలి మిషిన్ గద, మెల్లగ లేస్తదని కూసున్న. పదకొండున్నరకు గీ ముక్క వచ్చింది.”

శ్రీకాంత్ ఆ డిస్కు తీసుకెళ్లి మూడు రోజులు కుస్తీ పట్టాడు. డిస్కులో మొదటి నుంచి చివరిదాకా సున్నాలే. ఏడాదిలో ఒక తేదీ వచ్చేదాకా కదలకుండా పడుకుని, ఆ రోజు డిస్కంతా తుడిచేసే పాతకాలపు వైరస్ అది. ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే ఆ సీడీలోని డ్రైవర్‌లో దొరికింది. అటకలో ఆ ఫైలును ఎవరు సరే అన్నారో రికార్డు ఉంటుంది. రెబెక్కా తానే తెరిచి చూసింది. తన పేరే. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక నలభై నిమిషాల్లో రెండు వందల పన్నెండు ఫైళ్లకు మీట నొక్కింది. అందులో అదొకటి. స్కాన్ ఎర్రగా చూపించింది. అసలు వైరస్ పేరు కూడా చెప్పింది.

“అక్కా, ఫైలు తీసేసిన. ఇగ వదిలెయ్,” అన్నాడు శ్రీకాంత్ ఫోన్‌లో. “గా పాత మిషిన్లు ఎవరి దగ్గరున్నయ్? ఒక్కరికే అయింది. చెప్పుకుంటే అటక మీద ఎవరన్న నమ్మకం పెడ్తరా?”

“ఇంకెంతమంది దించుకున్నరు దాన్ని?”

“ముప్పై నాలుగు.”

“వాళ్లకు చెప్పాలె గద శ్రీకాంత్.”

“మూడేండ్ల పని అక్కా. నీ ఒక్కదానిది కాదు.”

ఆమె ఫోన్ పెట్టేసి, అటక మొదటి పేజీలో నోటీసు రాసింది. ఏ ఫైలు, ఏ వైరస్, ఎవరు వదిలారు, ఏ పని నాశనమైంది. మాస్టారి పేరు రాయలేదు. తన పేరు రాసింది. రెండు రోజుల్లో నలుగురు కార్యకర్తలు వెళ్లిపోయారు. ఒంగోలు కథల ఆయన కూడా, తర్వాత తాను పంపిన ఫైళ్లు తీసేయమని రెండు ముక్కలు రాశాడు. శ్రీకాంత్ మాత్రం సైటు వదల్లేదు. ఆ మీట తీసేశాడు. రెబెక్కాతో మాట్లాడడం కూడా మానేశాడు. ఫైళ్లు సరే అనే అధికారం ఆమె తనంతట తానే వదులుకుంది. వద్దని ఎవరూ అనలేదు.

రావల్కోల్ వెళ్లి, వరండాలో నిలబడే మాస్టారికి చెప్పింది. “తప్పు నాదే సార్. హెచ్చరిక వచ్చింది. చూడకుంట నొక్కిన.”

ఆయన గేటు వైపు చూశాడు.

“చూసి పెట్టాల్సిందమ్మా,” అన్నాడు. అంతే. బిడ్డా అనలేదు.

ఆమె అక్కడితో ఆగలేదు. ప్రతి ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని వెళ్లింది. గుర్తున్నంత వరకు చెప్పమంది. మొదట ఆయన ఒప్పుకోలేదు. లక్ష్మీకాంతమ్మే కసిరింది. “చెప్పరాదూ. ఆ పిల్ల గంత దూరం నుంచి వస్తాంది.”

చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి రోజు తొంభై పేర్లు వరసగా వచ్చాయి. రెండో వారం అరవై. తర్వాత ఇరవై. పేరు గుర్తుంటే ఊరు గుర్తులేదు, ఊరు గుర్తుంటే చెప్పిన మనిషి గుర్తులేడు. అత్వెల్లిలో నలభై పేర్లు చెప్పిన పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్దామంటే, ఆయన పోయి రెండేళ్లయిందని తెలిసింది. ఆయన చెప్పిన చెలకల చుట్టూ ప్రహరీ కట్టి ఉంది. వాచ్‌మన్ గేటు తీయలేదు.

ఒక రోజు పేర్ల మధ్య మాస్టారు హఠాత్తుగా అడిగాడు. “ఆ రోజు, లైటు మినుకుమంటుండంగ, నేను వైరు పీకేస్తే ఆగేదా?”

ఆగేది. పది గంటలకు పీకినా సగానికి పైగా మిగిలేదని శ్రీకాంత్ అప్పుడే చెప్పాడు.

“ఆగకపోయేది సార్,” అంది రెబెక్కా. “అప్పటికే మొత్తం పోయింటది.”

ఆయన తలూపాడు. నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. నోటీసులో అంత నిజం రాసిన మనిషి, ఆయన ముందు కళ్లెత్తలేక టైపు చేసుకుంటూ పోయింది.

వానలు వెనక్కి తగ్గేసరికి నాలుగు వందల పన్నెండు పేర్లు పోగయ్యాయి. ఆ రోజు చివరిది ‘నెమలి దిగిన మడి’. ఏ ఊరని అడిగితే రావల్కోలే అన్నాడు. ఎవరు చెప్పారంటే వేళ్లతో నుదురు రుద్దుకున్నాడు.

“మంచిగున్నది సార్ పేరు,” అంది ఆమె.

“మంచిగున్నది. అందుకే అనుమానం,” అన్నాడాయన. “ఇది ఎవరో చెప్పింది కాదేమో. నేనే కల్పిస్తున్ననేమో. తీసెయ్.”

“ఉండనియ్యిండ్రి సార్. పక్కన ప్రశ్న గుర్తు పెడత.”

“తీసెయ్ అమ్మా. ఒకటి తప్పు ఉంటే అన్నీ తప్పే అయితయి.”

ఆమె తీసేసింది. తర్వాత రెండు ఆదివారాలు వెళ్లింది గానీ ఆయన కొత్తగా ఒక్క పేరూ చెప్పలేదు. ఏది తలపుకొచ్చినా, అది విన్నదో అనుకున్నదో తేల్చుకోలేకపోయాడు. మూడో ఆదివారం లక్ష్మీకాంతమ్మ గుమ్మం దగ్గరే ఆపింది.

“సారు పండుకున్నడు బిడ్డా,” అంది, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ.

లోపల టీవీ నడుస్తోంది. మాస్టారు దగ్గడం, చానల్ మార్చడం వినబడ్డాయి. రెబెక్కా సరేనంది. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని రోడ్డు మీదికొచ్చి, మేడ్చల్ పోయే ఆటో కోసం నిలబడింది.