జకరయ్య ఎత్తని చెయ్యి

కాలవ నీళ్ళు చర్చి బెంచీల మధ్యకి వచ్చేస్తున్నాయి, అయినా ఎవరూ లేవరు, ఆఖరి బెంచీలో దోర్కమ్మ వాళ్ళ అన్నయ్య జకరయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చుని కుడిచెయ్యి పైకెత్తి ఉంచాడు. అతను పోయి ఏడు నెలలైందని ఆమెకి తెలుసు. తెలిసినా ఆశ్చర్యం కలగదు.

"దించవే చెల్లీ, భుజం లాగేస్తోంది."

ఆమె రెండు చేతులా పట్టి దించబోతుంది. చెయ్యి దిగదు.

"ప్రభువును అంగీకరించినవాళ్ళు చేతులెత్తండి" అని పాస్టరు అయ్యగారు ప్రార్థన కూటాల్లో అడిగినప్పుడల్లా, నలభై ఏళ్ళూ చేతులు కట్టుకునే కూర్చున్నాడు జకరయ్య. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, మంచం పక్కన నిలబడి అయ్యగారు మళ్ళీ అదే అడిగితే, దుప్పటి చాటున అతని మోచేతి కింద చెయ్యి పెట్టి పైకి లేపింది దోర్కమ్మే. అయ్యగారు స్తోత్రం చెప్పి, కాలవదాకా రాలేని మనిషని గిన్నెలో నీళ్ళతోనే బాప్తిస్మం ఇచ్చారు.

"అన్నయ్యా, నీకు ఇష్టమేనా?"

"ఇప్పుడా అడగడం?" నవ్వుతాడు. మూతి వంకరపోకముందటి నవ్వు అది.

"నేను లేపకముందే నీ వేలు కదిలింది. చూశాను."

"లేపమనా, వద్దనా?"

ఆమెకి గుర్తు రాదు. బెంచీలు ఒక్కొక్కటే మంచాలవుతున్నాయి, అన్నిటి మీదా అదే దుప్పటి.

"దేవుడు లాగితే తప్ప మనిషి తనంతట తాను రాలేడని ఆదివారం బళ్ళో పిల్లలకి చెబుతావుగా. మరి నువ్వెందుకు లాగావే?"

"ఆయన ఆలస్యం చేస్తాడేమోనని."

"అమ్మ దొంగా! అయితే నీకూ నమ్మకం లేదన్నమాట. ఇద్దరం ఒకటే."

"నా చేత్తో లాగింది ఆయనే అనుకోకూడదా?"

"అనుకో. ముందు చెయ్యి దించు."

నీళ్ళు అతని గడ్డం దాకా వచ్చేస్తాయి, ఇప్పుడు ఆమె చేతులు అతని మోచేతికి అతుక్కుపోయాయి, వదిలితే మునిగిపోతాడు, వదలకపోతే అతనేం కోరుకున్నాడో ఎప్పటికీ తెలియదు.

"వదిలెయ్యనా అన్నయ్యా?"

"నీ ఇష్టం," అంటాడు. ఆమె వెతుక్కుంటుంది. ఆ ఇష్టం తనలో ఎక్కడా దొరకదు.

స్త్రీల కూటానికి గంట కొడుతున్నారు. దోర్కమ్మ కళ్ళు తెరిచేసరికి గోడమీద మధ్యాహ్నపు ఎండ. తలకింద పెట్టుకున్న కుడిచెయ్యి తిమ్మిరెక్కి, ఎవరిదో అయినట్టు చాపమీద పడి ఉంది. కదిలించాలని చూసింది. కదల్లేదు. ఎడమచేత్తో లేపబోయి ఆగిపోయింది.

గంట ఆగిన కాసేపటికి చూపుడువేలు ఒక్కసారి కదిలింది. తను కదిపిందో, అదే కదిలిందో దోర్కమ్మకి తెలియలేదు.