శకుంతల మేడం ఆదివారం క్లాసు

హనుమకొండ కుమార్‌పల్లి సందులో మొగిలమ్మ జాకెట్లు కుట్టేది. పొద్దున కాలేజీ ఆడపిల్లలు పుస్తకాలు గుండెలకు హత్తుకుని వెళ్తుంటే ఆమె మిషన్ ఆగిపోయేది. నడుం నొప్పేమో అనుకునేవారు ఇరుగుపొరుగు. ముప్పై దాటిన ఇల్లాలికి చదువు మీద ఇంకా ఆశ ఉంటుందని వారికి తోచలేదు.

వర్ధన్నపేటలో పదో తరగతి చదువుతుండగా ఆమెకు పెళ్లి కుదిర్చారు. పరీక్షలయ్యాక చేయండని ఏడ్చింది. ముహూర్తాలు లేవన్నారు. ఇన్నేళ్లయినా పరీక్ష హాలు తలుపు మూసేశాక తాను చేరినట్టు ఆమెకు కల వస్తూనే ఉంది.

ఎనభై నాలుగులో ఒకరోజు రేడియోలో విన్నది. సర్టిఫికెట్లు లేని పెద్దవాళ్లు కూడా ప్రవేశ పరీక్ష రాసి, ఇంటి దగ్గర ఉంటూనే డిగ్రీ చదవవచ్చట. గుట్టుగా చదివి రాసింది. తప్పింది.

"ఈ వయసుల నీకెందుకే గీ తిప్పలు? అందరు నవ్వుతాండ్రు" అన్నాడు భర్త మొండయ్య. ఆమె అన్నం ముట్టకపోవడం చూడలేక అన్న మాట అది.

కాలేజీలో చరిత్ర చెప్పే శకుంతల జాకెట్టు కోసం వచ్చి, ఉబ్బిన ఆ కళ్లు చూసి సంగతి అడిగింది.

"పుస్తకమంత బట్టీ పట్టిన మేడం. పేపర్ల ఇంకో తీరుగ అడిగిండ్రు. ఏం రాయాల్నో సమజ్ కాలె."

ఆ వారమే శకుంతల తన ఇంటి వరండాలో ఆదివారం క్లాసు మొదలుపెట్టింది. మొగిలమ్మతో పాటు, ఇంటర్ పాసై డిగ్రీ అంటే భయపడుతున్న అదే సందు కుర్రాడు శ్రీనివాస్ కూడా వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"ఆడపిల్లల చదువు ఎందుకు ఆగిపోతున్నది? మీ సొంత మాటల్లో రాయండి" అన్నది శకుంతల.

"ఇది ఏ గైడ్‌ల ఉంటది మేడం?" అన్నాడు శ్రీనివాస్ బిక్కమొహంతో.

మొగిలమ్మ "పెండ్లి చేస్తరు గనుక" అని రాసి ఆగిపోయింది. శకుంతల పక్కన కూర్చుని, "ఎందుకు చేస్తరు?" అని అడిగింది. రాసింది. "అది ఎందుకు?" మళ్లీ రాసింది. పేజీ నిండేసరికి అక్షరాలు కన్నీళ్లతో అలుక్కుపోయాయి. ఆమెను అంతవరకు ఎవరూ ఎందుకని అడగలేదు. ఆమెనూ అడగనివ్వలేదు.

ప్రశ్నను విడదీసి చదవడం, పాఠం వింటూ ముఖ్యమైనది రాసుకోవడం, గడియారం చూసుకుంటూ జవాబు ముగించడం ఒక్కొక్కటే నేర్చుకున్నారు. గైడు వదలడానికి శ్రీనివాస్‌కే ఎక్కువ కాలం పట్టింది.

మరుసటి ఏడు ఆమె ప్రవేశ పరీక్ష పాసైంది. ఆ డిగ్రీ చదివేవాళ్లకు సెలవు రోజుల్లో కాలేజీలో జరిగే మొదటి క్లాసుకు మొండయ్యే సైకిల్ మీద తెచ్చి దింపాడు. అక్కడ పాఠం చెప్పడానికి వచ్చిన శకుంతల ఎదురైంది.

"సంతోషంగనే ఉన్నది మేడం. గని నేను పోగొట్టుకున్న ఏండ్లు యాడికెల్లి తెచ్చుకోవాలె?" అన్నది మొగిలమ్మ. శకుంతల ఆమె చేయి పట్టుకుంది. మొగిలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

మొండయ్య అక్కడే నిలబడి, "మా అసొంటోళ్లకు సదువు అబ్బదనుకున్న మేడం" అన్నాడు.

"అబ్బకపోవుడు కాదు మొండయ్యా. పరీక్ష పెట్టి చేతులు దులుపుకున్నది చదువు చెప్పే మేమే. చదువు మధ్యలో ఆగినోళ్లను మళ్లీ రమ్మని పిలిస్తే, ఎట్ల చదవాల్నో కూడా దగ్గర కూర్చుండి నేర్పాలె. అది చదువుకున్న ప్రతి ఒక్కరి బాధ్యత."